ముక్కాలని పిలిచినవాడు

ఆళ్లగడ్డలో రాయిని చెక్కి దేవుళ్లను చేస్తారు. ఆ రాయే ఒకసారి నన్ను చెక్కింది. పని సగంలో ఆపేసింది కాబట్టి దేవుణ్ణి కాలేకపోయాను. ఎడమ మోకాటి కింద జానెడు మిగిల్చి తక్కినది తీసుకుపోయింది.

పదేళ్లు మైకులు కట్టినవాణ్ణి. చెట్లెక్కాను, మిద్దెలెక్కాను, కరెంటు స్తంభాలెక్కాను. ఏ చింతచెట్టు మీంచో పడి కాలు పోయి ఉంటే చెప్పుకోవడానికి గొప్పగా ఉండేది. నా కాలు పోయింది నేల మీద, జేబులో వేయించిన శనక్కాయలు ఉండగా. లారీలోంచి నలుగురు బండలు దించుతుంటే పక్కన నిలబడి ఇట్లా పట్టుకోండి, అట్లా వాల్చండి అని చెబుతున్నాను. బండ జారింది. దించే నలుగురిలో ఒక్కడికీ గోరు కూడా ఊడలేదు. సలహా చెప్పినవాడి కాలు పోయింది.

బడి మానేసింది ఆరో తరగతిలో, భిన్నాలు మొదలుపెట్టిన వారంలోనే. పావు, అర, ముక్కాలు అని అయ్యవారు నల్లబల్ల మీద గీతలు గీస్తుంటే నేను కిటికీ దూకి, ఆళ్లగడ్డ బజారులో మైకు సెట్టు షాపు ముందు తేలాను. ముక్కాలు లెక్క బయట నా కోసం కాచుకుని ఉందని తెలిసుంటే ఇంకో వారం కూర్చునేవాణ్ణి.

డెబ్బైల్లో మా వైపు మైకు అంటే నోటి ముందు పెట్టుకునేది కాదు, పైన కట్టే బాకా. పెళ్లయినా, ఉరుసయినా, చర్చి కూటాలయినా ఎంత ఎత్తున మైకు కడితే అంత గొప్ప. మా షాపాయన నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను రేయ్ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. గొంతు బాగుండేది, మనిషి దర్జాగా ఉండేవాడు, కానీ ఎత్తంటే భయం. మిద్దె మెట్లు నాలుగెక్కితే గోడ పట్టుకునేవాడు. అందుకని నేల అతనిది, పైనంతా నాది. పైనుంచి చూస్తే అతని నడినెత్తిన బట్టతల కనబడేది. అది నాకొక్కడికే తెలిసిన రహస్యం. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

కర్నూలు పెద్దాసుపత్రిలో మూడు నెలలుండి, చంకలో కర్రతో నేరుగా షాపుకు వెళ్లాను. ఇంటికి కూడా పోలేదు. షాపులో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. షాపాయన నన్ను చూశాడు, కర్రను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"వచ్చినావా, ముక్కాలూ" అన్నాడు.

మూడు వంతుల మనిషి అని ఒక అర్థం. ముక్క కాలోడు అని ఇంకో అర్థం. కర్రతో కలిపి మూడు కాళ్లని మరొకటి. ఒక్క మాటలో మూడు దెబ్బలు. ఎగతాళి చేయడంలో నేను ఎవరికీ తీసిపోను, అందుకే ఆ మాట ఎంత బాగా కుదిరిందో నాకు వెంటనే తెలిసింది. నాకెందుకు తట్టలేదని కొంచెం అసూయ కూడా పడ్డాను. నవ్వాను. నవ్వినవాడి మీద పేరు గట్టిగా అతుక్కుంటుందని అప్పటికి తెలియదు.

ఎక్కే పని వాళ్ల బామ్మర్దికి ఇచ్చేశాడు. నన్ను కూర్చోబెట్టి రికార్డులు మార్చమన్నాడు.

"నేను ఎక్కతానన్నా, కాలు పెట్టించుకుంటా" అన్నాను.

"కాలు పెట్టిచ్చుకుంటావు సరే, ధైర్యం యాడ పెట్టిచ్చుకుంటావు? కూచోరా" అన్నాడు. మిద్దె మెట్లెక్కలేనివాడు నాకు ధైర్యం గురించి చెప్పాడు. అప్పుడూ కూర్చున్నాను.

ఉయ్యాలవాడ దగ్గర ఒక పల్లె. అక్కడ మావాళ్ల ఇంట్లోనే, అంటే క్రైస్తవుల ఇంట్లోనే, పెళ్లి. చర్చి ముందు పందిరి వేశారు. నాలుగు మైకులు కట్టాం. కట్టాం అంటే బామ్మర్ది కట్టాడు, నేను కింద కూర్చుని ముడులు చూసి పళ్లు కొరుక్కున్నాను. మధ్యాహ్నం నేను పందిరి వెనక్కి నీళ్లకు వెళ్లినప్పుడు రికార్డు అయిపోయి ముల్లు గరగరమంటోంది. షాపాయన నోటి ముందుకు మైకు లాక్కున్నాడు. జాతరలో తప్పిపోయిన పిల్లకాయల కోసం పెట్టే గొంతు ఒకటి ఉండేది అతనికి. అది పెట్టాడు.

"ముక్కాలు, ముక్కాలు. యాడున్నా వెంటనే స్టేజీ కాడికి రావలెను. ముక్కాలు కోసరం ఈడ అందరూ ఎదురుచూస్తాండారు."

నాలుగు మైకుల్లోనూ నాలుగుసార్లు అన్నాడు. నేను కర్ర అందుకుని వచ్చేలోపల, ఎదురింట్లోంచి ఒక అవ్వ ముక్కాలి పీట నెత్తిన పెట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చి స్టేజీ ముందు దించింది.

"ఇదో నాయనా పీట. ఇంట్లోకొచ్చి అడిగితే ఈనా? దీని కోసరం ఊరంతా అరవల్నా?" అంది.

పెళ్లివాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. షాపాయన మైకు దించకుండానే నావైపు చెయ్యి చూపించాడు. "ఇంగో ముక్కాలు ఆడొస్తాండాది చూడవ్వా. రెండూ పక్కపక్కన పెట్టుకో, జతకుంటాయి."

పందిరి పందిరంతా పడి పడి నవ్వింది. పెళ్లికూతురు ముసుగులో నవ్వింది. అవ్వకు అర్థమై, నోరు కొంగుతో మూసుకుని, పీట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నా బాధ తెలిసింది ఆమె ఒక్కతికే. నేనేం చేశానంటే, అందరికంటే గట్టిగా నవ్వాను. అతను అన్నదానికంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ కాలం కొరికింది.

సాయంత్రం సామాను బండికెక్కించేటప్పుడు నిర్ణయించుకున్నాను. ఆ నోటితోనే, ఆ మైకుల్లోనే, ఆ ఊరికే వినబడేట్టు, మా నాయన పెట్టిన పేరు పలికించాలి. చివర గారు కూడా ఉండాలి. కొట్టడం, తిట్టడం, షాపు తగలబెట్టడం, ఇవన్నీ ఆలోచించి పక్కన పెట్టాను. అవి ఒక్క పొద్దులో అయిపోతాయి. ఈ పేరు నాకు చచ్చేదాకా ఉంటుంది కదా, దానికి తగ్గట్టుండాలి.

మరుసటి వారం షాపు మానేసి, కర్నూలులో కట్టెకాలు పెట్టించుకుని నంద్యాల చేరాను. బస్టాండు వెనక వీధిలో జట్కా గుర్రాలకు జీనులు, పట్టీలు కుట్టే సాయిబు దగ్గర పనిలో కుదిరాను. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కట్టెకాలుకు ఉన్న తోలు పట్టీ నెల తిరక్కుండానే తెగింది. దాన్ని బాగు చేయించుకోవడానికి పోయి అక్కడే ఉండిపోయాను. నేను మామా అనేవాణ్ణి. ఆయన నా తొడ కొలత తీసుకుని, ఒక పాత కళ్లెం విప్పి, దాంతోనే పట్టీ కుట్టాడు.

"గుర్రానిది నాకు కడతాండావే మామా" అన్నాను.

"గుర్రం ఇంతవరకు ఒక్క మాట అనల్యా. నువ్వు కూడా అనగాకు" అన్నాడు.

కట్టెకాలంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను. ఎండాకాలంలో మిగిలిన కాలి మోడుకు చెమట పట్టి లోపల జారుతుంది. జారితే ఒరుసుకుంటుంది, ఒరుసుకుంటే పుండవుతుంది. పౌడరు చల్లుకోవాలి, నూలు తొడుగు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి మార్చుకోవాలి. వానాకాలం ఇంకో తమాషా. మా నల్లరేగడి ఒకసారి పట్టుకుంటే వదలదు. మంచి కాలయితే ఎట్లాగో పీక్కోవచ్చు. కట్టెకాలును అదే ఉంచేసుకుని మనిషిని పంపించేస్తుంది.

నాకు పెళ్లిచూపుల నాడు అదే జరిగింది. ఆ పల్లెలోనే సంబంధం చూశాను, కావాలనే. నన్ను చూసి నవ్విన ఊరు నన్ను అల్లుడా అని పిలవాలి కదా. ముందు రోజు వాన కురిసింది. వాళ్ల వాకిలికి నాలుగడుగుల దూరంలో కాలు దిగబడిపోయింది. పట్టీ ఊడింది. నేను ఒంటి కాలి మీద వాళ్ల గోడ పట్టుకుని నిలబడ్డాను. పిల్ల లోపల్నుంచి వచ్చి, బురదలో చేతులు పెట్టి కాలు పెకలించి, కుండలో నీళ్లతో కడిగి, నాకు చాపి పట్టుకుంది.

"ఇది మీదేనా?" అంది.

ఒప్పుకున్నాను. ఆమె కూడా ఒప్పుకుంది. ఊరు మాత్రం నన్ను ముక్కాలల్లుడు అనడం మొదలుపెట్టింది. వేసుకున్న పథకం నామీదికే తిరిగింది.

ఆదివారాలు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సైకిలు తొక్కేవాణ్ణి. నలభై కిలోమీటర్లు. ఎడమ పెడలుకు పాత ట్యూబు ముక్క కట్టి అందులో పాదం దూర్చేవాణ్ణి. ఆళ్లగడ్డ పొలిమేరలో దిగి, ముఖం తుడుచుకుని, సైకిలు పట్టుకుని షాపు ముందు నుంచి నడుచుకుంటూ పోయేవాణ్ణి, ఇంత కూడా కుంటకుండా. షాపాయన చూసేవాడు. "ఏం ముక్కాలూ, యాడికి పోతాండావ్?" అనేవాడు. "ఊరికే అన్నా, నడుస్తాండా" అనేవాణ్ణి. ఆ యాభై అడుగులు కుంటకుండా నడిచినందుకు ఇంటికొచ్చి రెండు రోజులు మంచం మీద పడి ఉండేవాణ్ణి. నా భార్య పుండుకు మందు పెడుతూ, అతను నిన్ను ముక్కాలన్నది ఒకసారి, నువ్వు వారం వారం పోయి అనిపించుకొస్తాండావు అనేది. నాకు వినబడేది కాదు.

ఎనభైల్లో రబ్బరు పాదం వచ్చింది. జైపూరు కాలు అనేవాళ్లు. దాంతో గొంతుక్కూర్చోవచ్చు, చెప్పు లేకుండా నడవచ్చు, నిచ్చెన ఎక్కవచ్చు. ఎక్కవచ్చని పెట్టినవాళ్లు చెప్పలేదు, నేనే తేల్చుకున్నాను. సాయిబు మామ అంగడి గోడకు నిచ్చెన వేసుకుని పొద్దున్నే సాధన చేసేవాణ్ణి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పెట్టుకున్న కాలు ముందు. కట్టెకాలయితే మెట్టు మీద పడినప్పుడు టక్కుమనేది, చెవితో తెలిసేది. రబ్బరు నోరు విప్పదు. అది మెట్టు మీద ఉందో గాలిలో ఉందో కళ్లతో చూసుకోవాలి, లేదా బరువు కొంచెం కొంచెంగా వేసి కనుక్కోవాలి. పదిసార్లు జారాను. మామ కింద కూర్చుని పట్టీ కుడుతూ, "పడేది ఉంటే ఆ పక్కకు పడు, ఈ పక్క తోలుంది" అనేవాడు. ఆరు నెలలకు కళ్లు మూసుకుని ఎక్కి దిగేవాణ్ణి.

నాకు కావలసింది ఇక ఒక్క సందర్భం. అది ఒక మే నెలలో, మా అత్తగారి ఊళ్లోనే వచ్చింది.

మూడు రోజుల చర్చి కూటాలు. మైకు సెట్టు షాపాయనదే. చర్చికి గంట గోపురం ఉంది, ఊరికల్లా అదే ఎత్తు. దాని మీద రెండు పెద్ద మైకులు ఊరివైపు తిప్పి కట్టారు. బామ్మర్ది ముడులే. మొదటి రోజు సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, గాలిదుమారం లేచింది. పది నిమిషాలే వీచింది గానీ, రెండు మైకులూ మెడలు తిప్పుకుని పొలాలవైపు చూస్తూ నిలబడ్డాయి. స్టేజీ మీద పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే ఆ ప్రార్థనంతా కాలువ కింది వేసవి జొన్నచేలకు పోయింది. ముందు చాపల మీద కూర్చున్నవాళ్లకు తప్ప ఎవరికీ వినబడలేదు. వెనకవాళ్లు లేచి వెళ్లిపోతున్నారు.

షాపాయన బామ్మర్దిని ఎక్కమన్నాడు. బామ్మర్ది గోపురం సగం దాకా పోయి, తల తిరుగుతాందని దిగి వచ్చి కూర్చున్నాడు. అయ్యగారు ప్రార్థన ఆపి, షాపాయనను పిలిచి ఏదో అన్నాడు. దూరం నుంచి ఆ మాట వినబడలేదు, అతని ముఖం మాత్రం కనబడింది. నాకు కడుపు నిండినట్టయింది.

నెమ్మదిగా లేచి వెళ్లి అతని పక్కన నిలబడ్డాను.

"నేనెక్కతా" అన్నాను.

నా కాలివైపు చూశాడు.

"ఎక్కతా గానీ పిలిస్తే ఎక్కతా. మైకులో పిలు. మా నాయన పెట్టిన పేరుతో. గారు పెట్టి."

"పక్కనే ఉండావు గదప్పా, మైకులో పిల్చేదేంది?" అన్నాడు. ఇన్నేళ్ల రేయ్ ఆ రోజు అప్పా అయింది.

"ఆ పొద్దు కూడా పందిరెనకాలే ఉంటిని. పది అడుగులు."

అతనికి గుర్తుంది. గుర్తుందని కళ్లు చెప్పాయి. స్టేజీ మీదికి వెళ్లి, మైకు పట్టుకుని, నా పేరు చెప్పి, గారు అని, దయచేసి గోపురం కాడికి రావలసిందిగా కోరుకుంటాండామన్నాడు. బాగానే అన్నాడు. కానీ ఆ మాట కూడా జొన్నచేలకే పోయింది. నా పేరు మొదటిసారి మర్యాదగా విన్నది జొన్నకర్రలు.

ఎక్కాను. లోపల గంట దాకా నిచ్చెన ఉంది. అది పాత నిచ్చెన, ఒక మెట్టు లేదు. ఆ పైన గంట గూడులోంచి బయటికి వచ్చి, జానెడు వెడల్పు అంచు మీద నిలబడి, మైకులు అందుకోవాలి. సగంలోనే మోడు చెమటకు తడిసి లోపల తిరగడం మొదలుపెట్టింది. అంచు మీదికి వచ్చేసరికి పట్టీ వదులైంది. రబ్బరు పాదం అంచు మీద ఉందో లేదో తెలియడం లేదు. కిందికి చూస్తే ఊరంతా తలలు పైకెత్తి ఉంది. ఇక్కడ జారితే ఆ పేరు నా సమాధి రాతి మీద చెక్కుతారని తెలుసు. మా ఊళ్లో చెక్కేవాళ్లకు కొదవలేదు. మైకుకు కట్టిన నులకతాడు కొస ఒకటి వేలాడుతోంది. దాన్ని పళ్లతో లాగి తెంపి, తొడ చుట్టూ మూడు చుట్లు తిప్పి, కాలును నాకు కట్టుకున్నాను. తర్వాత మైకులను ఒక్కొక్కటే ఊరివైపు తిప్పి, నా ముడి వేశాను. బామ్మర్ది ముడి కాదు.

అంతా అయ్యాక కూడా దిగలేదు. ఒక మైకు తీగ చేత్తో పట్టుకుని కిందికి కేకేశాను.

"ఇప్పుడు చెప్పు. ఇందాక చేలకు చెప్పినావు, ఇప్పుడు ఊరికి చెప్పు."

షాపాయన తల పైకెత్తి చూశాడు. అయ్యగారు వాచీ చూసుకుంటున్నాడు.

"చెప్పకపోతే తీగ పీకతా. నాకు పైన హాయిగానే ఉంది, బేగా పోవలసిన పని ల్యా."

చెప్పాడు. నా రెండు చెవుల పక్కనే నా పేరు పగిలింది. ఊరిమీదంతా పరుచుకుంది, ఉయ్యాలవాడ దారిలో పోయే బండ్ల దాకా పోయి ఉంటుంది. నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే నాకు మంచి పేరొస్తుందని తెలుసు. కానీ కలగలేదు.

"సరిగ్గా వినపల్యా. గాలి" అన్నాను.

మళ్లీ చెప్పాడు. చాపల మీద ఎవరో నవ్వారు. ఈసారి నవ్వింది నన్ను చూసి కాదు.

"ఆ చివర గారు మింగినావు."

మూడోసారి చెప్పాడు. గారు దగ్గర ఆగి, దాన్ని విడిగా, గట్టిగా అన్నాడు. అప్పుడు తీగ వదిలాను. వెంటనే దిగలేకపోయాను. కాళ్లు వణుకుతున్నాయి, రెండూ. అందుకని గంట పక్కన ఒరిగి కూర్చున్నాను. అయ్యగారు వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. మైకులు నా చెవి పక్కనే మోగుతున్నాయి గానీ ఒక్క ముక్క తలకెక్కలేదు. నా లోపల నా పేరే ఇంకా మోగుతోంది. వాక్యం అయ్యి పాట ఎత్తుకున్నాక, పెట్టుకున్న కాలు ముందు వేసుకుంటూ దిగి వచ్చాను. షాపాయన నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. ఆ రోజు తర్వాత ఆ ఊళ్లో నన్ను ఎవరూ ముక్కాలనలేదు. పైనుంచి ఏం పీకేస్తానోనని భయపడ్డారేమో.

మరుసటి రోజు పొద్దున మా అత్తగారి వాకిట్లో అరుగు మీద కూర్చుని తొడ మీద నులకతాడు ఒరిపిడికి కొబ్బరినూనె రాసుకుంటున్నాను. పళ్లన్నీ బయటే ఉన్నాయి. నా భార్య చాట పట్టుకుని జొన్నలు చెరుగుతోంది. నేను చెప్పిందే నాలుగోసారి చెప్పి, ఇంక చెప్పడానికేం లేక, రాత్రి అయ్యగారు ఏం వాక్యం చెప్పినాడు, నాకు పైన సరిగ్గా తెలీల్యా అన్నాను.

ఆమె చాట ఆపలేదు.

"పగోళ్లని క్షమించమని చెప్పినాడు. మైకు బాగా పలికింది. ఊరంతా ఇన్న్యారు, కట్టినోడు తప్ప."